షెడ్డులో చలి, ఇంట్లో వాదన: ముందు కప్పా, హీటరా?

ఒక పాఠకుడు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

ఆయన వయసు 57. ఉద్యోగం నుంచి కాస్త ముందుగానే తప్పుకున్నారు. ఇంటికి ఆనుకుని ఉన్న ఇనుప రేకుల షెడ్డే ఆయన వర్క్‌షాప్. పొడవు 20 అడుగులు, వెడల్పు 13, ఎత్తు 8. ఒక పక్క ఇంటి గోడ, మిగతా పక్కల తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, ముందు రోలింగ్ షట్టర్, ఒక కిటికీ, కింద సిమెంటు నేల. స్టూళ్లు, పుస్తకాల అరలు, చిన్న బల్లలు చేసి తెలిసినవాళ్లకు అమ్ముతారు. "వచ్చే డబ్బు కొంచెమే, కానీ నా మనసు కుదురుగా ఉండేది అక్కడే" అని రాశారు.

చిక్కంతా చలికాలంలో. బయట 3 డిగ్రీలుండే ఉదయాల్లో 2,000 వాట్ల బ్లోయర్ రెండు గంటలు తిరిగినా లోపల 9 దాటదు. చిత్రిక పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. రెండో హీటర్ పెడితే ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్, పడిపోతోంది. ఈ అవస్థ చూసి పోయిన చలికాలం వాళ్ల అన్నయ్య ఒక గ్యాస్ హీటర్ కొనిచ్చారు. వెనక సిలిండర్ పెట్టి వెలిగించే రకం, పొగగొట్టం లేదు. వేడి బాగానే వస్తుంది. కాకపోతే షట్టర్ దించి గంట పనిచేస్తే తలనొప్పి, కాస్త వికారం. ఇంట్లోకి వచ్చి కూర్చుంటే మెల్లగా సర్దుకుంటుంది. "పొట్టు పడట్లేదనుకుంటా" అన్నది ఆయన ఊహ. ఆ చలికాలం నుంచే రేకుల లోపలి నుంచి నీటిచుక్కలు రాలుతున్నాయి, వాన లేని రోజుల్లో కూడా. రంపం మెషిన్ బల్ల మీద తుప్పు మచ్చలు లేచాయి. అప్పుడు చేసిచ్చిన రెండు స్టూళ్లు కీళ్లు ఊడి తిరిగొచ్చాయి. చేతిలో పనితనం పోయిందేమోనని బెంగ.

ఇంట్లో ఆవిడ కప్పు కారుతోంది, ముందు రేకులు మార్చమంటున్నారు. రేకుల మేస్త్రి కూడా అన్నీ పీకి కొత్తవి వేయాల్సిందే అన్నాడు. అబ్బాయి ఏసీ పెట్టించమంటున్నాడు. ఈయనకేమో పెద్ద హీటర్ మీద మనసు. చేతిలో ఉన్న సొమ్ము వీటిలో ఏదో ఒకదానికే వస్తుంది. "ఏది ముందు చేయను? లేకపోతే చలికాలం మూడు నెలలూ తాళం వేసుకోవడమే నయమా?"

మీరడిగిన దానికి తర్వాత వస్తాను. ముందు ఆ గ్యాస్ హీటర్ ఆపేయండి. మళ్లీ ఒక్కసారి కూడా వెలిగించకండి. ఇలా చేయండి, అలా చేయకండి అని శాసించడం నాకు ఇష్టం ఉండదు. మిగతా అన్నింటిలో నిర్ణయం మీదే, ఇందులో మాత్రం బేరం లేదు.

లోపల ఉంటే తలనొప్పి, వికారం, బయటికొస్తే తగ్గిపోవడం: పొగగొట్టం లేని మంట దగ్గర ఈ రెండూ కలిసి కనిపిస్తే మొదట అనుమానించాల్సింది కార్బన్ మోనాక్సైడ్‌ని. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. గ్యాస్ వాసన రావట్లేదు కదా అనుకోవద్దు. ఆ వాసన లీకు తెలియడం కోసం గ్యాస్‌లో కలిపేది. మంట సరిగ్గా మండక పుట్టే విషవాయువును అది పట్టివ్వదు. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మత్తుగా అనిపించి కాసేపు కూర్చుందామనుకున్నవాళ్లు మళ్లీ లేవకపోయిన సందర్భాలున్నాయి. మీరు ఒంటరిగా, షట్టర్ దించుకుని పనిచేస్తున్నారు. కిటికీ కొంచెం తీసి పెట్టుకుంటే సరిపోదా అంటారేమో. ఎంత తీస్తే సరిపోతుందో మీకు తెలిసే మార్గం లేదు, తీసినంత మేరా వేడి పోతుంది. ఒకసారి డాక్టర్‌కు చూపించుకోండి. తలనొప్పి అని మాత్రమే చెప్పి ఊరుకోకుండా, మూసిన గదిలో గ్యాస్ హీటర్ సంగతి కూడా చెప్పండి. పొట్టు పడకపోవడం కూడా నిజమే కావచ్చు, కానీ అది తేల్చుకోవాల్సింది హీటర్ ఆపాక.

ఇక రేకుల మీంచి రాలే నీళ్లు. వాన లేని రోజున చుక్కలు పడుతున్నాయని మీరే రాశారు, అదే అసలు ఆధారం. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. కిలో గ్యాస్ కాలితే దాదాపు 1.6 కిలోల నీరు ఆవిరిగా గదిలోకి వస్తుంది. ఆ ఆవిరి పైకి లేచి, బయటి చలికి చల్లబడ్డ ఇనుప రేకుకు తగిలి చుక్కలవుతుంది. కొన్ని మీ రంపం మీద రాలుతున్నాయి. అసలు చుక్క పడకపోయినా, చల్లటి పోత ఇనుము మీద తడిగాలి చెమ్మగా పేరుకుని తుప్పు లేపుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీ కప్పు కారట్లేదు, చెమరుస్తోంది. కొత్త రేకులు వేసినా ఇలాగే చెమరుస్తుంది. మేస్త్రి మోసం చేశాడని నేననడం లేదు, ఆయన దగ్గర ఉన్న మందు రేకులే కాబట్టి అదే రాసిచ్చాడు. గ్యాస్ హీటర్ ఆపి ఒక వారం పది రోజులు చూడండి. చుక్కలు ఆగితే రేకుల ఖర్చు తప్పినట్టే. తెల్లవారుజామున కొద్దిగా చెమ్మ కనబడితే కంగారు పడకండి. ఆకాశం తేటగా ఉన్న రాత్రి రేకు చుట్టూ గాలికంటే కూడా చల్లబడుతుంది. వాన పడినప్పుడు మాత్రమే, ఒకే చోట కారితే అది వేరే సంగతి. అక్కడ మేకు దగ్గరి వాషర్ మార్చడంతో చాలాసార్లు పని అయిపోతుంది.

స్టూళ్ల విషయంలో మీరు అనవసరంగా కుంగిపోతున్నారనిపిస్తోంది. తిరిగొచ్చిన స్టూలు కీలును ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. ఆరిన జిగురు పారదర్శకంగా, గట్టి పొరలా ఉందా, లేక సుద్దపొడిలా తెల్లగా ఉండి గోటితో గీకితే రాలిపోతోందా? మనం వాడే తెల్ల జిగుళ్లలో చాలావాటికి సుమారు 8 నుంచి 10 డిగ్రీల కంటే తక్కువ చలిలో పొర కట్టే శక్తి ఉండదు. నీరు ఆరిపోతుంది, బలం రాదు. సుద్దలా ఉంటే తప్పు మీ ఉలిది కాదు. జిగురు సీసాను ఇంట్లోంచి వెచ్చగా తెచ్చినంత మాత్రాన సరిపోదు, అంటించే చెక్క కూడా వెచ్చగా ఉండాలి, బిగించాక ఆరేదాకా ఆ వెచ్చదనం నిలవాలి. దీనికి షెడ్డు మొత్తం వేడి చేయనక్కర్లేదు. అంటింపులన్నీ ఒక రోజుకు పోగేసి, క్లాంపులు బిగించినవి అలాగే ఇంట్లో ఒక మూల పెట్టుకుంటే చాలు. ఇంటావిడ ఒప్పుకోవాలనుకోండి.

ఇప్పుడు వేడి లెక్క. మీరిచ్చిన కొలతలతో సుమారుగా వేసి చూశాను. షెడ్డులో ఉన్న గాలిని మాత్రమే 3 నుంచి 15 డిగ్రీలకు తేవాలంటే పావు యూనిట్ కరెంటు చాలు. నమ్మబుద్ధి కాదు గానీ అంతే. మిగతా ఖర్చంతా గోడలు, ఇనుప సామాను వేడెక్కడానికి, బయటికి పోయే వేడిని పూడ్చుకోవడానికి. లోపల 15, బయట 3 ఉంచాలంటే మీ షెడ్డు ఇప్పుడున్న స్థితిలో నిరంతరంగా 3,600 వాట్ల పైనే కావాలి. అందులో ఒక్క కప్పు వాటాయే దాదాపు 1,700. ఇటుక గోడలన్నీ కలిపి 600 చిల్లర. షట్టర్ నాలుగు వందల పైన, సందుల్లోంచి దూరే గాలి ఇంకో ఐదు వందల దాకా. కిటికీ, నేల చెరో రెండు వందలు. 2,000 వాట్ల బ్లోయర్‌తో మీకు 9 దాటట్లేదన్నారు. లెక్క కూడా అదే చెబుతోంది.

అంటే కప్పు సంగతి ముందు చూడాలన్న మీ ఆవిడ మాట నిజమే, రేకులు మార్చాలన్నది తప్ప. రేకుల కింద ఏమీ లేకపోవడమే లోటు. రేకుల కింద 4 అంగుళాల రాక్‌వూల్ (వేడిని ఆపే రాతిపీచు పరుపు) పరిచి కింద సీలింగ్ వేస్తే కప్పు వాటా 1,700 నుంచి వంద చిల్లరకు పడిపోతుంది. దానికి తోడు సందులు సగం మూసినా మొత్తం అవసరం 2,000 వాట్ల లోపుకు వస్తుంది. అంటే మీ దగ్గరున్న ఆ బ్లోయరే సరిపోతుంది. పెద్ద హీటర్ కొనే పని ఉండదు, ఎంసీబీ మీద ఒత్తిడి ఉండదు. మీ చేతిలో సొమ్ము నాదైతే, తర్వాత చెప్పబోయే కరెంటు లైనుకు కొంత తీసిపెట్టి, మిగతాది ముందు ఇక్కడే పెడతాను.

ఈ పని సొంతంగా చేసుకోవచ్చు, చెక్కపని చేతనైనవారికి మరీ తేలిక. కాకపోతే వరస తప్పకూడదు. రేకుకు, రాక్‌వూల్‌కు మధ్య ఒకటిన్నర, రెండు అంగుళాల ఖాళీ వదలండి. చూరు వైపు ఆ ఖాళీకి గాలి ఆడాలి, చేరిన చెమ్మ అటు పోవాలి. తర్వాత వాసాల మధ్య రాక్‌వూల్. దాని కింద, అంటే గది వైపు, మందపాటి పాలిథీన్ షీటు. అతుకుల దగ్గర జానెడు ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేసి టేపు అంటించండి. ఈ షీటును పైన, రేకు వైపు వేస్తే గది ఆవిరి రాక్‌వూల్‌లోకి చేరి అక్కడే నీరవుతుంది, రెండేళ్లలో అంతా తడి ముద్ద. చివరగా జిప్సమ్ బోర్డు గానీ ప్లైవుడ్ గానీ. రాక్‌వూల్ పీచు ఒంటికి తగిలితే దురద, ఊపిరిలోకి వెళ్తే దగ్గు. మాస్కు, నిండు చేతుల చొక్కా, కళ్లద్దాలు తప్పనిసరి.

థర్మాకోల్ చవక, తేలిక. వేయొచ్చు కూడా. కానీ ఏది వేసినా దాన్ని బోర్డుతో పూర్తిగా కప్పండి. థర్మాకోల్‌ను అంటించి అలాగే వదిలేసిన షెడ్లు చూశాను. గ్రైండర్ నిప్పురవ్వ ఒకటి పడితే చాలు, కరుగుతూ, మండుతూ, ఊపిరాడని నల్లటి పొగతో అంటుకుంటుంది. పొట్టు ఎగిరే చోట అది మరీ ప్రమాదం. మీవి ఇనుప రేకులు కాబట్టి పర్వాలేదు గానీ, ఇది చదువుతున్న మరొకరికి పాత సిమెంటు రేకులుంటే వాటికి డ్రిల్లు వేయడం, కోయడం, గీకడం చేయకండి. వాటిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ పీచు ఉండొచ్చు.

సందుల పని ఈ వారమే మొదలుపెట్టొచ్చు, ఖర్చు దాదాపు లేనట్టే. గాలి వీచే రోజున మెషిన్లు ఆపి, పొట్టు ఊడ్చి, ఒక అగరుబత్తి వెలిగించి షట్టర్ అంచుల వెంట, కిటికీ చుట్టూ, గోడ రేకును కలిసే చోట మెల్లగా జరపండి. పొగ ఎక్కడ పక్కకు లాగినట్టు వంగుతుందో అక్కడ సందు. గోడ పైభాగం సందులకు ఫోమ్, కిటికీకి రబ్బరు పట్టీ, షట్టర్ అడుగున రబ్బరు బద్ద. షట్టర్ మాత్రం ఎంత చేసినా పూర్తిగా లొంగదు. పొడుగు చెక్కలు లోపలికి తెచ్చేది అటు నుంచే అన్నారు కాబట్టి గోడ కట్టమనలేను. దాని లోపలి వైపు ప్లైవుడ్ చట్రంలో రాక్‌వూల్ నింపిన రెండు మూడు పలకలు చేసి, చలికాలంలో నిలబెట్టి, వేసవిలో తీసేసేలా పెట్టుకోండి. అది మీకు ఒక పూట పని. ఒక్క జాగ్రత్త: సందులు మూసిన షెడ్డులో గ్యాస్ హీటర్ ఇంతకుముందు కంటే ఎక్కువ ప్రమాదం. అది బయటికి వెళ్లాకే సందులు మూయండి.

హీటర్ల గురించి ప్రచారం చాలా ఉంది. ఆయిల్ హీటరైనా, బ్లోయరైనా, రాడ్డు హీటరైనా ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తాయి. తేడా వేడి ఇచ్చే తీరులో. బ్లోయర్ త్వరగా వెచ్చచేస్తుంది, పొట్టును కూడా లేపుతుంది. ఆయిల్ హీటర్ నెమ్మది, కానీ ఎర్రగా కాలే తీగ బయటికి కనపడదు కాబట్టి చెక్కపనికి కాస్త నయం. ఎర్రటి తీగల హీటర్ మనిషికి నేరుగా వేడి కొడుతుంది, గదితో పని లేదు. దాన్ని ఎత్తున గోడకు బిగించి, పొట్టు చేరకుండా, చెక్క దగ్గర లేకుండా చూసుకునే ఓపిక ఉంటేనే పెట్టుకోండి. ఏది పెట్టినా థిన్నర్, వార్నిష్ పని ఉన్న రోజు దాన్ని ప్లగ్గు పీకి పక్కన పెట్టాల్సిందే.

మీ అబ్బాయి చెప్పిన ఏసీ చెడ్డ ఆలోచన కాదు. వేడి కూడా ఇచ్చే ఇన్వర్టర్ ఏసీ ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి తెస్తుంది, బయటి గాలిలోంచి లాగి ఇస్తుంది కాబట్టి. చలి బాగా ముదిరితే ఆ లాభం కొంత తగ్గుతుంది. రోజంతా షెడ్డులో ఉండేవారికి కొన్నేళ్లలో ఆ ఖర్చు తిరిగొస్తుంది. మీరు ఉదయం మూడు నాలుగు గంటలు పనిచేసేవారు. పైగా మీ పొట్టుకు దాని ఫిల్టర్ వారం వారం కడగాలి. రేకుల కింద ఏమీ లేకుండా ఏసీ పెడితే అది కూడా ఆకాశాన్నే వేడి చేస్తుంది. కప్పు పని అయ్యాక ఒక చలికాలం గడిపి, కరెంటు మీటర్ చూసుకుని అప్పుడు తేల్చుకోమనండి. కట్టెల పొయ్యి, పొగగొట్టం సంగతి కూడా ఒక వాక్యంలో అడిగారు. చెత్తచెక్కలు ఉచితమే. కానీ ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపీచును జిగురుతో అదిమి చేసిన బోర్డు), రంగు వేసిన ముక్కలు అందులో కాల్చకూడదు, ఆ పొగ విషం. ఇంటికి ఆనుకున్న గదిలో, పొట్టు, వార్నిష్ మధ్యలో నిప్పు పెట్టుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు.

సొమ్ము కప్పుకు కూడా చాలకపోతే ఇంకో దారి ఉంది. షెడ్డులో సగమే వెచ్చ చేసుకోండి. చేతిపని బల్ల ఉన్న వైపు 10 అడుగుల దగ్గర మందపాటి టార్పాలిన్ తెర దించి, ఆ సగానికి మాత్రం ఈ ఏడాది సీలింగ్ వేయండి. మెషిన్లు అవతల చలిలోనే ఉంటాయి, కోతలన్నీ మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు చేసుకుని, చిత్రిక, ఉలి పని ఇటు చేసుకోవచ్చు. మెషిన్ల బల్లల మీద మైనం పూతపూసి, గుడ్డ కప్పడం మరిచిపోవద్దు. నష్టం ఏమిటంటే పెద్ద బల్లలు చేయలేరు, అటూ ఇటూ తిరగడం విసుగు. తెర హీటర్‌కు తగలకుండా చూసుకోవాలి. ఏ దారైనా మీరు నిలబడే చోట మందపాటి రబ్బరు చాప వేయండి. సిమెంటు నేల పాదాల్లోంచి వేడిని లాగేస్తుంది. మోకాళ్లు కూడా పట్టేస్తున్నాయని రాశారు కదా, వాటికీ కాస్త ఊరట.

పొట్టు లాగే మెషిన్ గొట్టం బయటికి పెట్టుకున్నారని ఉత్తరంలో చూశాను. అది గంటకు 1,000 ఘనమీటర్లు లాగే రకమైతే మీ షెడ్డులోని గాలి మొత్తాన్ని నాలుగు నిమిషాల లోపే బయటికి ఊడ్చేస్తుంది, అంతే చలిగాలి లోపలికొస్తుంది. అలాగని దాన్ని ఆపేయకండి. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఖరారు చేసింది. వేడి ముఖ్యమా, ఊపిరి ముఖ్యమా అంటే ఊపిరే. మెషిన్ పనులు ఒక విడతలో చేసి, ఆ సేపు హీటర్ ఆపి, తర్వాత షెడ్డు వెచ్చ చేసుకుని చేతిపనికి కూర్చోండి.

కరెంటు విషయంలో సొంత ప్రయోగాలు వద్దు. 2,000 వాట్ల హీటర్ 9 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, మీ మెషిన్ మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుకన్నా కొన్ని రెట్లు లాగుతుంది. ఎంసీబీ పడిపోవడం దాని పని అది చేయడమే. పెద్ద ఎంసీబీ వేయించేస్తే ఆగిపోతుంది కదా అని ఎవరైనా అంటే వినకండి, అప్పుడు కాలేది గోడలోని తీగ. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ప్లగ్గు వేడెక్కుతోందని రాశారు, హీటర్‌ను దాన్నుంచి ఈరోజే తీసేయండి. ఎలక్ట్రీషియన్‌తో మెయిన్ బోర్డు నుంచి షెడ్డుకు విడిగా లైను, మంచి ఎర్త్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే, షాక్ తగిలితే వెంటనే సరఫరా ఆపే స్విచ్) పెట్టించుకోండి. సొమ్ములో కొంత దీనికి పక్కన పెట్టాకే మిగిలినదాన్ని కప్పుకు లెక్కేయండి. ఇది వాయిదా వేసే ఖర్చు కాదు.

తాళం వేసుకోవడం గురించి. అది ఓటమేమీ కాదు, చాలామంది చేసే పనే. వేస్తే ఖర్చు లేదు, ప్రమాదం లేదు. ఇనుప సామాను మీద నూనె రాసి, జిగుళ్లు, రంగులు, డ్రిల్లు బ్యాటరీలు ఇంట్లో పెట్టుకుంటే సరి. కానీ మీ మనసు కుదురుగా ఉండే చోటు అదేనని రాసిన మనిషి మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే ఆ చిరాకు ఎవరి మీద పడుతుందో మీ ఆవిడ కూడా ఆలోచించాలి. ఈ ఏడాది సొమ్ము అసలు తీయలేని పరిస్థితి అయితే మాత్రం, చలి నడిమి నెల ఒక్కటి మూసి, ఆ నెలలో సీలింగ్ చట్రం ముక్కలు కోసి పెట్టుకోవడం మధ్యేమార్గం.

అన్నయ్య నొచ్చుకుంటారని గ్యాస్ హీటర్ తీసేయలేకపోతున్నానన్నారు. తలనొప్పి సంగతి ఆయనకు చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా చెప్పినట్టు లేదు. తమ్ముడు చలికి వణుకుతున్నాడని కొనిచ్చిన మనిషి, దానివల్ల తమ్ముడికి ప్రాణాపాయం ఉందని తెలిస్తే హీటర్‌ను తానే వచ్చి పట్టుకెళ్తారు. ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆయన ఇంట్లో కూడా అలాంటిదే ఉందేమో అదే ఫోన్‌లో అడగండి.